‘ప్రమాదం’ అసలు అర్థం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరికి ఎర్రనీరు వచ్చిన ప్రతిసారీ మా డెల్టాలో రెండు మాటలు ఊరూరా వినిపిస్తాయి: ‘ప్రమాద హెచ్చరిక’, ‘అప్రమత్తంగా ఉండండి’. ఈ రెండింటిలోనూ ఉన్నది ఒకే ధాతువని, అంటే ఒకే మూలరూపమని చెబితే పిల్లలే కాదు, పెద్దలూ ఆగి వింటారు. ఆ వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి. బడిలో తెలుగు చెప్పే నాకు ఏటా ఇవే సందేహాలు ఎదురవుతుంటే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, ఎవరికి ఏది కావాలో అక్కడికి వెళ్లవచ్చు.

## అర్థం గురించి

ప్రమాదం అంటే యాక్సిడెంట్. ఇందులో అడగడానికి ఏముందండీ?

ఇవాళ్టి వాడుకలో అంతే. రోడ్డు ప్రమాదం, పడవ ప్రమాదం, అగ్నిప్రమాదం అన్నప్పుడు జరిగిపోయిన సంఘటన. ‘ప్రాణానికి ప్రమాదం లేదు’ అని డాక్టరు గారు అన్నప్పుడు రాబోయే కీడు. అయితే సంస్కృతంలో ఈ మాటకు మొదటి అర్థం ఈ రెండూ కాదు. ఏమరుపాటు, అజాగ్రత్త, చేయవలసిన పని మీద మనసు నిలపకపోవడం: ఇదీ అసలు అర్థం. మాట మొదట మనిషి తప్పును చెప్పేది. ఇప్పుడు ఆ తప్పు వల్ల కలిగిన నష్టాన్ని చెబుతోంది. తప్పు చేసిన మనిషి మాత్రం మాటలోంచి తప్పుకున్నాడు. నన్ను ఎక్కువగా పట్టుకున్న సంగతి ఇదే.

ఆ పాత అర్థం ఎక్కడైనా రాసి ఉందా, ఊహేనా?

రాసే ఉంది. అమరుడు కూర్చిన సంస్కృత నిఘంటువు అమరకోశం. దాని నాట్యవర్గంలో ‘ప్రమాదోఽనవధానతా’ అని ఉంటుంది. అవధానం లేకపోవడమే ప్రమాదం అని అర్థం. చిన్నప్పుడు అమరం వల్లెవేసిన మన తాతల తరానికి ఇది నోటికి వచ్చిన పాఠం.

‘అవధానం’ అన్న మాట వినగానే తెలుగువాళ్లకు అష్టావధానం గుర్తొస్తుంది కదా. దాన్ని ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చిన జంట మన డెల్టా నుంచే బయలుదేరింది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు పుట్టింది కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు పుట్టింది భీమవరం దగ్గర యండగండిలో. అవధానం చూసినవాళ్లకు అమరుడి నిర్వచనం వేరే విప్పి చెప్పక్కర్లేదు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఇంకొకరు పద్యంలో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతూ నిషేధం పెడతారు, ఒకరు మధ్య మధ్య గంట కొడతారు, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఏదో ఒకటి అడిగి దారి తప్పించాలని చూస్తారు. చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి, గంట ఎన్నిసార్లు మోగిందో కూడా చెప్పాలి. ఎనిమిది వైపుల నుంచి లాగుతున్నా మనసు జారకుండా నిలవడం అవధానం. ఆ జారడానికే పేరు ప్రమాదం.

‘ప్రమాదో ధీమతామపి’ అంటారు. తెలివైనవాళ్లకీ యాక్సిడెంట్లు అవుతాయనా?

కాదు. తెలివైనవాళ్లకూ పొరపాటు తప్పదని. పెద్ద పండితుడి రాతలో చిన్న తప్పు దొరికినప్పుడు ఈ మాట వాడతారు. ఇక్కడ ప్రమాదం అంటే మనసు ఒక్క క్షణం పక్కకు పోవడం వల్ల వచ్చిన తప్పు. తప్పు చూపిస్తూనే గౌరవం నిలబెట్టే మాట ఇది. అందుకే పరీక్ష పేపరు దిద్దేటప్పుడు కూడా నాకు తరచు గుర్తొస్తుంది.

‘గచ్ఛతః స్ఖలనం’ శ్లోకంలో ప్రమాదం ఏ అర్థంలో ఉంది?

‘గచ్ఛతః స్ఖలనం క్వాపి భవత్యేవ ప్రమాదతః, హసంతి దుర్జనాస్తత్ర సమాదధతి సజ్జనాః.’ నడిచేవాడు ఎక్కడో ఒకచోట ఏమరుపాటున తడబడతాడు. అది చూసి చెడ్డవాళ్లు నవ్వుతారు, మంచివాళ్లు సర్దుతారు అని తాత్పర్యం. ఇందులో తడబాటు వేరు, ప్రమాదం వేరు అని గమనించండి. కాలు తడబడడం ఫలితం, ప్రమాదం దానికి కారణం. ఇవాళ మనం తడబడి పడడాన్నే ప్రమాదం అంటున్నాం. పాత అర్థానికీ కొత్త అర్థానికీ మధ్య ఉన్న దూరమంతా ఈ ఒక్క శ్లోకంలో కనిపిస్తుంది.

## పుట్టుక గురించి

ఈ మాట ఏ ధాతువు నుంచి వచ్చింది?

‘మద్’ అనే ధాతువు ముందు ‘ప్ర’ ఉపసర్గ చేరి వచ్చింది. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘మదీ హర్షే’ అని ఉంది. అంటే సంతోషించడం, ఉప్పొంగడం. మదం, మద్యం, మదిర, ఉన్మాదం అన్నీ ఈ ధాతువు పిల్లలే. మత్తు కూడా ఈ ఇంటిదే, సంస్కృతంలో ‘మత్త’.

ఇంకొకటి మన కాలవగట్ల మీదే పెరుగుతుంది: ఉమ్మెత్త. తెల్లగా బూరలాంటి పువ్వు, ముళ్లకాయ. గింజలు తింటే మతి తప్పుతుందని ప్రతి అమ్మా పిల్లల్ని ఆ మొక్క దగ్గరికి పోనివ్వదు. దాని సంస్కృతం పేరు ఉన్మత్తం. అదే నోట్లో నలిగి ఉమ్మెత్త అయింది. ప్రమత్తుడు, ఉన్మత్తుడు, ఉమ్మెత్త అని వరసగా పలికితే పిల్లలకు ధాతువు దానంతట అదే దొరుకుతుంది.

సంతోషానికీ అజాగ్రత్తకూ పొత్తు ఎలా కుదిరింది?

మధ్యలో మత్తు ఉంది. ఉప్పొంగడం ముదిరితే ఒళ్లు తెలియకపోవడం. ఒళ్లు తెలియనివాడికి చేతిలో పని తెలియదు. అలా హర్షం, మదం, ఏమరుపాటు అనే మూడు మెట్లలో అర్థం దిగింది. తెలుగులోనూ ఇలాంటి చూపే ఉంది. అజాగ్రత్తగా బండి నడిపేవాణ్ణి చూసి ‘ఒళ్లు తెలీకుండా పోతున్నాడు’ అంటాం, ‘కళ్లు నెత్తికెక్కాయి’ అంటాం. తాగి ఉన్నాడనే అనక్కర్లేదు. డబ్బు మత్తు కావచ్చు, వేగం మత్తు కావచ్చు, ‘నాకేం అవుద్దిలే’ అన్న ధీమా కావచ్చు. చివరిదే అన్నిటికన్నా ఎక్కువమందిని పట్టిన మత్తని నా నమ్మకం.

‘సత్యాన్న ప్రమదితవ్యం’ అంటే ఏమిటి?

తైత్తిరీయోపనిషత్తులో చదువు పూర్తిచేసి ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే మాట ఇది. ‘సత్యం నుంచి ఏమరవద్దు’ అని అర్థం. వెంటనే ‘ధర్మాన్న ప్రమదితవ్యం’ అని కూడా వస్తుంది.

ఇందులో ఒక వ్యాకరణ విశేషం ఉంది, విద్యార్థులకు తప్పకుండా చెబుతాను. ఇది ‘సత్యంలో’ కాదు, ‘సత్యం నుంచి’. సంస్కృతంలో ప్రమాదార్థం ఉన్న క్రియలకు పంచమీ విభక్తి రావాలని వ్యాకరణవేత్త కాత్యాయనుడు వార్తికం చేశాడు, అంటే పాణిని సూత్రానికి చేర్పు రాశాడు. అంటే ప్రమాదం అనే మాట ఎప్పుడూ ‘దేని నుంచి?’ అనే ప్రశ్నను వెంటబెట్టుకుని వస్తుంది. ఒక బాధ్యత ముందే ఉంటుంది, మనసు దాని నుంచి జారుతుంది. కాళిదాసు మేఘదూతం మొదటి శ్లోకంలోనే యక్షుణ్ణి ‘స్వాధికారాత్ ప్రమత్తః’ అన్నాడు. తనకు అప్పగించిన పని నుంచి ఏమరినవాడు అని. ఆ ఏమరుపాటుకే అతనికి ఏడాది పాటు దేశం విడిచి ఉండాలని శాపం పడింది. అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ కూలలేదు. అయినా ప్రమాదమే. బాధ్యత నుంచి జారడమే నేరం.

గీతలో ‘ప్రమాదాలస్యనిద్రాభిః’ అని ఉంది. యాక్సిడెంటూ లేటూ నిద్రా అనుకోవచ్చా?

అలా చదివితే అర్థం కుదరదు. పద్నాలుగో అధ్యాయం ఎనిమిదో శ్లోకంలో తమోగుణం మనిషిని వేటితో కట్టిపడేస్తుందో చెబుతూ ఈ మూడింటినీ లెక్కపెట్టారు: ఏమరుపాటు, బద్ధకం, నిద్ర. వింత ఏమిటంటే ఈ సమాసంలో మొదటి రెండు మాటలూ తెలుగులోకి వచ్చాక ఒకే దారిలో మారాయి. ప్రమాదం ఏమరుపాటు నుంచి దాని ఫలితమైన నష్టానికి జరిగింది. ఆలస్యం బద్ధకం నుంచి దాని ఫలితమైన జాప్యానికి జరిగింది. నిద్ర ఒక్కటే కదలకుండా ఉండిపోయింది. గీత చదివే తెలుగువాళ్లు తెలిసిన మాటలే కదా అని దాటిపోయే చోటు ఇది, నిజానికి ఇక్కడే ఆగాలి.

బుద్ధుడు చెప్పిన ‘అప్పమాదం’ ఇదేనా?

ఇదే. పాళీలో ప్రమాదం ‘పమాదం’ అవుతుంది, దాని వ్యతిరేకం ‘అప్పమాదం’. ధమ్మపదంలో రెండో వర్గం పేరే అప్పమాదవర్గం. ‘అప్పమాదో అమతపదం, పమాదో మచ్చునో పదం’ అని మొదలవుతుంది: మెలకువ అమృతానికి దారి, ఏమరుపాటు మృత్యువుకు దారి. బుద్ధుడి చివరి మాటల్లోనూ ఇదే ఉంది: ‘అప్పమాదేన సంపాదేథ’, ఏమరకుండా సాధించుకోండి అని. మహాభారతం ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రుడికి చెప్పేదీ దాదాపు ఇదే, ‘ప్రమాదమే మృత్యువు’ అంటాడు. కోనసీమలో ఆదుర్రు దగ్గర పాత బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ మసిలిన భిక్షువుల నోట అప్పమాదం అన్న మాట తప్పక పలికి ఉంటుందని తలుచుకుంటే, ఈ మాట మన నేలకు ఎంత పాతదో అనిపిస్తుంది.

## అర్థం మారిన తీరు

ఏమరుపాటు అన్న అర్థం యాక్సిడెంట్ ఎలా అయింది?

కారణం పేరు ఫలితానికి పెట్టడం భాషలో మామూలే. పడవవాడి ప్రమాదం వల్ల పడవ మునిగింది అనేది పాత వాక్యం. రోజూ ఇలాంటి చోట్లే వింటూ ఉంటే కొన్నాళ్లకు పడవ మునగడమే ప్రమాదం అయిపోతుంది. మునిగే అవకాశం కూడా ప్రమాదమే అవుతుంది. ‘ఆ మలుపు చాలా ప్రమాదం’ అన్నప్పుడు అక్కడ ఇంకా ఎవరూ పడలేదు, ఎవరూ ఏమరలేదు, అయినా మాట సరిపోతోంది. ఏమరుపాటు, దాని వల్ల దెబ్బ, దెబ్బ తగిలే అవకాశం: అర్థం ఇలా జరుగుతూ వచ్చింది.

‘ప్రమాదవశాత్తు’లో వశాత్తు అంటే?

వశం అంటే అధీనం. ‘వశాత్’ అంటే దాని వల్ల, దాని చేతిలో పడి. అదృష్టవశాత్తు, దైవవశాత్తు అనేవి కూడా ఇలాగే. కాబట్టి ప్రమాదవశాత్తు అంటే అక్షరాలా ‘ఏమరుపాటు వల్ల’. ఇవాళ చదివేవాళ్లకు మాత్రం ‘ఎవరి తప్పూ లేకుండా, అనుకోకుండా’ అని తోస్తుంది. మాట పుట్టుక ఒకటి చెబుతుంటే చెవికి ఇంకొకటి వినిపిస్తోంది.

అయితే ఇప్పటి వాడుక తప్పా? రోడ్డు ప్రమాదం అనకూడదా?

నిక్షేపంగా అనండి. కోట్లమంది వాడే అర్థాన్ని తప్పనడానికి ఎవరికీ అధికారం లేదు. ఉద్యోగం అంటే సంస్కృతంలో ప్రయత్నం, పూనిక. మనం నెల జీతం వచ్చే కొలువును ఉద్యోగం అంటున్నాం, ఎవరికీ ఇబ్బంది లేదు. పాత అర్థం తెలుసుకోవడం వాడుకను దిద్దడానికి కాదు. పాత పద్యం, శ్లోకం చదివినప్పుడు తప్పుదారి పట్టకుండా ఉండటానికీ, వార్త రాసేటప్పుడు ఒక్క నిమిషం ఆలోచించడానికీ.

## పక్క భాషల్లో

కన్నడం, హిందీ, బెంగాలీల్లో ఏ అర్థంలో వాడతారు?

కన్నడంలో ప్రమాద అంటే పెద్ద పొరపాటు. హిందీలో ప్రమాద్ అంటే నిర్లక్ష్యం, ఏమరుపాటు, కాకపోతే పుస్తకాల్లో తప్ప పెద్దగా వినిపించదు. రోజువారీ మాటల్లో ‘లాపర్వాహీ’ అంటారు. బెంగాలీలో అచ్చుతప్పును ‘ముద్రణ్ ప్రమాద్’ అంటారు. ఈ మూడూ పాత అర్థానికి దగ్గరగానే నిలిచాయి, మనమే దూరం వచ్చాం.

తమిళంలో ‘ప్రమాదం’ అంటే బాగుందని అర్థమట, నిజమేనా?

నిజమే. కచేరీ బాగా కుదిరితే ‘పిరమాదం!’ అని మెచ్చుకుంటారు. అద్భుతం, బ్రహ్మాండం అన్నట్టు. ఇదీ మన మాటే. మితిమీరింది, మామూలు హద్దు దాటింది అన్న భావం మీదుగా మెచ్చుకోలులోకి వెళ్లింది. మనం కూడా ‘భయంకరంగా పాడాడు’ అని మెచ్చుకుంటూనే ఉన్నాం కదా. చెన్నైలో వంట చేసిపెట్టిన తెలుగు అమ్మాయితో అత్తగారు ‘సాంబార్ పిరమాదం’ అంటే కంగారుపడనక్కర్లేదు.

## దగ్గరి మాటలు

‘అప్రమత్తం’ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్ర ఉపసర్గతో మద్ ధాతువుకు భూతకాల రూపం ప్రమత్త, అంటే ఏమరినవాడు. ముందు ‘అ’ చేరితే అప్రమత్త, అంటే ఏమరనివాడు. తెలుగులో ప్రమాదం అర్థం మార్చుకుంది గానీ అప్రమత్తం మార్చుకోలేదు. వెయ్యేళ్ల కిందటి సంస్కృత పండితుడు వచ్చి మన టీవీలో ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అన్న వాక్యం వింటే ఆ మాట ఆయనకు ఉన్నదున్నట్టు అర్థమవుతుంది. భావవాచకం కావాలంటే ‘అప్రమత్తత’ అని రాయాలి.

హెచ్చరిక కూడా సంస్కృతమేనా?

కాదు, ద్రావిడం. కన్నడంలో ‘ఎచ్చర’ అంటే మెలకువ, స్పృహ. తమిళంలో ‘ఎచ్చరిక్కై’. తెలుగులో ఎచ్చరిక, హెచ్చరిక. అంటే హెచ్చరించడం మొదట నిద్ర లేపడం. ధవళేశ్వరం నుంచి వచ్చే ‘ప్రమాద హెచ్చరిక’లో ఒక మాట మత్తు నుంచి పుట్టింది, ఇంకొకటి మెలకువ నుంచి పుట్టింది. ఏ గుమాస్తా మొదట ఈ రెండింటినీ జతచేశారో గానీ ఇంతకన్నా పొందికైన సమాసం దొరకదు.

ఏమరుపాటు అచ్చతెలుగేనా? ‘ఏమార్చడం’తో సంబంధం ఉందా?

అచ్చతెలుగే. పాత రాతలో ఏమఱు, ఏమఱుపాటు అని శకటరేఫతో, అంటే బండి ‘ఱ’తో ఉంటుంది. తమిళంలో ‘ఏమాఱు’ అంటే మోసపోవడం, కన్నడంలో ‘ఏమారు’ అన్నా అంతే. మనం ‘ఏమార్చి పట్టుకుపోయాడు’ అంటాం, అంటే ఎదుటివాణ్ణి ఏమరేలా చేసి. ఏమరినవాడు మోసపోతాడు అన్న అనుభవం మూడు భాషల్లోనూ ఒకే మాటలో దాగి ఉంది. ప్రమాదానికి సరైన తెలుగు కావాలంటే నేను మొదట చెప్పేది ఏమరుపాటే.

‘పరాకు’ అంటే అజాగ్రత్త. మరి రాజుగారి కొలువులో ‘బహుపరాక్’ ఎందుకు?

పరాక్ అంటే సంస్కృతంలో అవతలి వైపు తిరిగినది. మనసు అటు తిరిగితే పరాకు. మన ఊళ్లలో ‘పరాగ్గా ఉన్నాను, వినలేదు’ అనడం ఇప్పటికీ ఉంది. కొలువులో వందిమాగధులు పరాకు అని కేక వేయడం మాత్రం జనాన్ని ‘పరాకు వదలండి, ఇటు చూడండి’ అని మేల్కొలపడానికి. అందుకే ఒకే మాట మరపుకూ, మరపు వద్దన్న కేకకూ పేరైంది.

ప్రమాదం, నిర్లక్ష్యం, అశ్రద్ధ, బేఖాతరు: అన్నీ ఒకటేనా?

దగ్గరివే గానీ ఒకటి కాదు. పాత అర్థంలో ప్రమాదం అంటే మనసు జారడం, అది తెలియకుండా జరగవచ్చు. నిర్లక్ష్యంలో లక్ష్యం ఉంది, లక్ష్ అంటే చూడడం, గుర్తించడం. ‘పెద్దల మాట లక్ష్యపెట్టలేదు’ అన్నప్పుడు విని కూడా పట్టించుకోలేదని. తెలిసి వదిలేయడం ఇందులో ఉంది, కాబట్టి తప్పు బరువు ఎక్కువ. అశ్రద్ధలో శ్రద్ధ అంటే మొదట నమ్మకం. చేసే పని మీద నమ్మకం లేనివాడు మనసు పెట్టడు, అలా అజాగ్రత్త అర్థం వచ్చింది. బేఖాతరు ఉర్దూ మీదుగా వచ్చింది, ఖాతరు అంటే మనసు, మన్నన. బేఖాతరులో ధిక్కారం ఉంటుంది. గట్టు మీద బోర్డు చూడకుండా నీళ్లలో దిగినవాడు ఏమరాడు. చూసి కూడా ‘ఆఁ, ఏమవుద్దిలే’ అని దిగినవాడు నిర్లక్ష్యం చేశాడు. వద్దన్న పోలీసుతో పోట్లాడి దిగినవాడు బేఖాతరు చేశాడు. మునిగేది మాత్రం ఒకే ఏట్లో.

ముప్పు, గండం, అపాయం ఎప్పుడు వాడాలి?

రాబోయే కీడుకు ముప్పు చక్కటి తెలుగు మాట: వరద ముప్పు, తుఫాను ముప్పు. గండం ప్రాణం మీదికి వచ్చేది, జాతకాల్లో జలగండం అంటారు. అపాయం అంటే మొదట నష్టం, ఇప్పుడు కీడుకు పెద్దమనిషి తరహా మాట. ఎవరి ఏమరుపాటూ లేని చోట ప్రమాదం బదులు ముప్పు వాడితే అర్థం తేటగా ఉంటుంది.

## గోదావరి వాడుకలో

మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరిక అంటే ఎంత నీరు?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. భద్రాచలం దగ్గర ఇవే 43, 48, 53 అడుగులు. భద్రాచలంలో అంకె పెరిగితే ఆ నీరు కిందికి రావడానికి కొంత సమయం ఉంటుంది కాబట్టి లంకల్లో వాళ్లు ముందు ఆ అంకె వింటారు. పశువుల్ని గట్టెక్కించాలా, ధాన్యం అటక మీద పెట్టాలా అన్న లెక్కలు అప్పుడే మొదలవుతాయి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ‘మూడోది’ అన్న మాట వినగానే లేచి నిలబడతారు. ఈ సందర్భంలో ప్రమాదం అంటే రాబోయే కీడే, ఏమరుపాటు కాదు.

డెల్టాలో జనం మాట్లాడేటప్పుడు ప్రమాదం అంటారా?

బండి గుద్దితే ‘యాక్సిడెంట్ అయ్యిందండి’ అంటారు. ‘ప్రమాదం ఏం లేదంటండి’ అని ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తారు. అంటే నోటిమాటలో కీడు అన్న అర్థమే ఎక్కువ, సంఘటన అన్న అర్థం పేపర్లలో ఎక్కువ. పెద్ద విపత్తులనైతే ఆ మాటతో పిలవరు: 86 వరద, 96 తుఫాను, 1995లో రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి బ్లోఅవుట్. దేని పేరు దానిదే.

పేపర్లో ‘ప్రమాదవశాత్తు కాలవలో పడి మృతి’ అని రాస్తారు. అది సరైన వాక్యమేనా?

వ్యాకరణం సరే. నాకు బాధ కలిగించేది ఆ వాక్యం అక్కడితో ఆగిపోవడం. మా వైపు కాలవ పక్కనే రోడ్డు ఉంటుంది. వంతెన పిట్టగోడ ఒకవైపు కూలి ఏళ్లు గడిచి ఉంటాయి. రేవు మెట్ల మీద పాచి అరచేతి మందాన పేరుకుని ఉంటుంది. రాత్రి దీపం వెలగదు. అలాంటి చోట సైకిలు మీద వెళ్తున్న కుర్రాడు పడిపోతే మర్నాడు పేపర్లో రెండే మాటలు: ‘ప్రమాదవశాత్తు పడి’. ఆ రెండు మాటలతో పిట్టగోడ, పాచి, దీపం అన్నీ మాయమవుతాయి. మాట పాత అర్థం తెలిస్తే మాత్రం ‘ఎవరి ఏమరుపాటు? దేని నుంచి?’ అని అడగాలనిపిస్తుంది. పిల్లవాడిదా, గోడ కట్టించవలసినవాళ్లదా? విలేకరులుగా చేరిన నా పూర్వ విద్యార్థులకు ఒకటే చెబుతాను: కారణం తెలిస్తే కారణం రాయండి. ‘పిట్టగోడ లేని వంతెన మీంచి పడి’ అని రాస్తే మూడు మాటలే ఎక్కువ ఖర్చవుతాయి, తర్వాతి వారం గోడ లేచే అవకాశం ఉంటుంది.

పోలీసు కేసులో ప్రమాదం అని రాస్తారా, నిర్లక్ష్యం అని రాస్తారా?

సంఘటన పేరు ప్రమాదం, నేరం పేరు నిర్లక్ష్యం. నిర్లక్ష్యం వల్ల మరణానికి ఇదివరకు భారత శిక్షాస్మృతిలో 304ఎ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 106వ సెక్షన్. ‘అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపి’ అన్న మాటలు అందుకే కేసు కాగితాల్లో కనిపిస్తాయి. సంస్కృతం నాటి ప్రమాదం చేసిన పనిని ఇప్పుడు చట్టంలో నిర్లక్ష్యం అన్న మాట చేస్తోంది.

## రాసేటప్పుడు

ప్రమాదం, ప్రమాధం: ఏది సరి?

‘ద’ ఒత్తు లేకుండా, ప్రమాదం. మదంలో ఉన్న ద ఇది అని గుర్తుపెట్టుకుంటే చాలు. రోడ్ల పక్క బోర్డుల మీద ప్రమాధం, నిర్లక్షం, జాగ్రత అని కనిపిస్తుంటాయి. ప్రమాదం, నిర్లక్ష్యం, జాగ్రత్త అని దిద్దుకోవాలి.

ప్రమోదం, ప్రమాదం రెండూ చుట్టాలేనా?

కావు. ప్రమోదం ‘ముద్’ ధాతువు నుంచి వచ్చింది, ఆమోదం, మోదం దాని తోడివి. దాని అర్థం సంతోషమే. శుభలేఖలో ఒక్క గుణింతం తేడాతో ప్రమోదం ప్రమాదం అవుతుంది కాబట్టి ప్రూఫు రెండుసార్లు చూసుకోవాలి.

ప్రమాదీచ నామ సంవత్సరం అంటే ప్రమాదాలు జరిగే ఏడాదా?

చాలామంది ఇలా భయపడతారు, అక్కర్లేదు. అరవై సంవత్సరాల్లో అది 47వది. అసలు పేరు ‘ప్రమాదీ’, అంటే ఏమరుపాటు కలవాడు. సంస్కృత శ్లోకంలో సంవత్సరాల పేర్లు వరసగా చెబుతూ ‘ప్రమాదీ చ’ అని ఉంది, ‘చ’ అంటే ‘మరియు’. మన పంచాంగాల్లో ఆ ‘చ’ పేరుకే అతుక్కుపోయింది. 13వది ప్రమాథి వేరు, అది ‘మథ్’ ధాతువు, చిలకడం. కొన్ని పంచాంగాల్లో దాన్ని ప్రమాది అని వేయడం వల్ల రెండూ కలిసిపోతున్నాయి. నాలుగోది ప్రమోదూత ఇంకా వేరు, అందులో ఉన్నది ప్రమోదం. క్రితంసారి ప్రమాదీచ 1973-74లో వచ్చింది, మళ్లీ 2033 ఉగాదికి వస్తుంది.